ఒక్క గీత కొట్టిన అడ్రసు

ఆ కంపపుల్ల కాస్త లోపలికి తొయ్యరా అబ్బాయ్, పొగంతా నా కళ్ళలోకే వస్తోంది. ఆఁ, అలా. ఇక కూర్చో. శాలువా కప్పుకో. పుష్యమాసపు చలి మీ బెంగుళూరు ఏసీ గదిలాంటిది కాదు, చెప్పాపెట్టకుండా ఎముకల్లో దూరుతుంది.

మధ్యాహ్నం నువ్వు అరుగు మీద కూర్చుని ఫోన్లో ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటుంటే విన్నానులే. నేనేం చాటుగా వినలేదు, వీధి వీధంతా వింది. "మెయిలైతే వచ్చింది సార్, ఏ అడ్రసుకి రాశారో మాత్రం తెలియట్లేదు" అన్నావు. ఆ ముక్క చెవిన పడగానే నాకు పాతికేళ్ళ కిందటి తలనొప్పి మళ్ళీ మొదలైంది. ఈ ముసలాయనకేం తెలుసు, వీళ్ళ కాలంలో పావురాలతో పంపేవారు అనుకుంటున్నావేమో. పావురాలు కాదు, సెండ్‌మెయిల్. పెట్టిన బాధ చూస్తే పావురాలే నయం.

అయితే ముందు మా నాన్నగారి సంగతి చెప్పాలి. అది దాటేస్తే తరవాతది తలకెక్కదు. నిద్రొస్తే చెప్పు. ఆపనుగానీ, గొంతు తగ్గిస్తాను.

మా నాన్న ఈ ఊరికి ఈడీ పోస్టుమాస్టరు, అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. పోస్టాఫీసంటే వేరే బిల్డింగు అనుకునేవు, నువ్వు పొద్దున్న దోసెలు తిన్న ఆ అరుగే. ఓ బల్ల, చిన్న తక్కెడ, తేదీముద్ర, లక్క కరిగించే కొవ్వొత్తి. పదిగంటల బస్సుకి సంచీ దిగేది. కార్డు 15 పైసలు. చాలా ఏళ్ళపాటు ఆ 15 పైసలు అలాగే ఉండిపోయింది, అందుకే జనం దాన్ని పూర్తిగా పిండుకునేవారు. ఇటంతా నింపి, అడ్రసు వైపు సగం ఆక్రమించి, అంచుల వెంబడి చీమల బారులా తిప్పి తిప్పి రాసి, చివర "మిగతా విషయాలు కలిసినప్పుడు" అనేవారు. ఇంకా మిగిలిందేమిటో ఆ రాసినవాళ్ళకే తెలియాలి. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న పెట్టారు. మా ఊళ్ళో ఒకాయన మాత్రం ఆ గళ్ళలో చాలా కాలం తన ఇంటి నంబరే వేసేవాడు, ఆరు గళ్ళు నిండడానికి ముందు సున్నాలు చేర్చి.

ఇప్పుడు అసలు ముచ్చట. మా మేనత్తకి నాలుగు పేర్లుండేవి. రికార్డుల్లో సుబ్బలక్ష్మి. పుట్టింటివాళ్ళకి అమ్మడు. అత్తవారి వైపు చిన్నకోడలు. ఇక వీధిలో పిల్లలందరికీ రాజమండ్రి అత్తయ్య. నాలుగు పేర్లతోనూ ఉత్తరాలొచ్చేవి, నాలుగూ ఆవిడ చేతికే వెళ్ళేవి. కవరు విప్పక్కర్లేకుండానే అది ఎటునుంచి వచ్చిందో నాన్న చెప్పేసేవారు. "అమ్మడు" అని ఉంటే ఆవిడ గుమ్మంలోనే చింపి చదువుకునేది. "చిన్నకోడలికి" అని ఉంటే కొంగుకు చేతులు తుడుచుకుని, లోపలికి తీసుకెళ్ళి, దేవుడి గూట్లో పెట్టి, పనులన్నీ అయ్యాక తీసేది. జవాబు కూడా ఆ పేరుతోనే. పుట్టింటికి రాసే గొంతు వేరు, అత్తింటికి రాసే గొంతు వేరు. పొరపాటున అటూ ఇటూ అయితే పండగ పాడైపోదూ!

ఊరు మారిన వాళ్ళ ఉత్తరాలొస్తే నాన్న వాటి మీద పాత అడ్రసు కొట్టేసి పక్కన కొత్తది రాసి తిరుగుటపాలో వేసేవారు. కొట్టేయడమంటే ఒక్కటే గీత, కింది అక్షరాలు చదవడానికి వీలుగా. ఒకసారి నాకు పన్నెండేళ్ళప్పుడు సాయం చేస్తానని కూర్చుని, నల్లసిరాతో పాత అడ్రసు కనపడకుండా దిద్ది పారేశాను. చాలా నీటుగా చేశానని నా ఉద్దేశం. చెవి మెలిపెట్టారు. "ఎక్కడికి పోవాలో రాస్తే చాలదురా, ఎక్కడికని బయల్దేరిందో కూడా కనపడాలి" అన్నారు. కొత్త అడ్రసులో మనిషి దొరక్కపోతే అది తిరిగి రావాలి కదా. దొరికినా, తాను ఊరు మారిన సంగతి ఎవరికింకా తెలియదో అతనికి అర్థం కావాలి కదా. ఆ చెవి నొప్పి ముప్ఫై ఏళ్ళ తరవాత పనికొచ్చింది.

ఇక నేను ఉద్యోగం చేసిన హైదరాబాదు సంగతికొద్దాం. వీఎస్‌ఎన్‌ఎల్ వాళ్ళు మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం 1995 ఆగస్టు 15న మొదలుపెట్టారు, అదీ ముందు నాలుగు మహానగరాల్లో. ఏ మంచి పనైనా ఆగస్టు 15నే జరగాలని మనవాళ్ళకి ఓ పట్టుదల. అప్పటికి మాకు ఊరి బయటి కబురంటే ఎస్‌టీడీ బూతే. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ. పగలంతా ఖాళీగా ఉన్న బూతు ముందు రాత్రి పదకొండింటికి సినిమా హాలు లైనులా జనం. లోపలున్నవాడి కళ్ళు మాట్లాడే మనిషి మీద ఉండేవి కావు, ఎర్రంకెలు తిరిగే మీటరు మీద ఉండేవి. "అందరూ బాగున్నారా, సరే ఉంటా." అంతే. బాగున్నారో లేదో వినేలోపు ఇంకో యూనిట్ పడుతుంది మరి. సరే, ఇదెందుకు చెబుతున్నాను? ఆఁ, మెయిలు.

నేను పనిచేసిన ఆఫీసు పేరు చెప్పను. చిన్నదే, ముప్ఫై మందిమి. మొదట్లో ఆఫీసు మొత్తానికి బయటి సర్వీసు వాళ్ళ దగ్గర ఒక్కటే మెయిల్‌పెట్టె. మోడెం కీచుకీచుమని కూసి కలిశాక ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాం ఆ పెట్టెలోవన్నీ తెచ్చి, ఉత్తరం లోపల "టు" అని ఉన్న చోట ఎవరి పేరుందో చూసి పంచేది. అందులోనే ఉంది తిరకాసు. చెబుతా.

ఈమెయిలుకి అడ్రసులు రెండు చోట్ల ఉంటాయని నీకు తెలుసుగా? తెలుసంటావు, అందరూ తెలుసనే అంటారు. కవరు మీద ఒకటి, కాగితం మీద ఒకటి. ఒక సర్వరు ఇంకో సర్వరు తలుపు తట్టి "ఇది ఫలానావారికి" అని నోటితో చెప్పే అడ్రసు కవరు మీదది. లోపల "టు" అని రాసి ఉండేది కాగితం మీదది, మనం ఉత్తరం మొదట్లో "మహారాజశ్రీ" అని రాసుకునేలాంటిది. దాన్ని చూసి ఏ పోస్ట్‌మానూ ఉత్తరం పంచడు. 1982 ఆగస్టులో ఈ రెండింటికీ ఒకే నెలలో రెండు ఆర్‌ఎఫ్‌సీలు, అంటే ఇంటర్నెట్ నియమాల పత్రాలు, వచ్చాయి. కవరు సంగతి జాన్ పోస్టెల్ రాసిన 821లో, కాగితం సంగతి డేవిడ్ క్రాకర్ రాసిన 822లో. చిక్కెక్కడంటే, ఉత్తరం పెట్టెలో పడగానే కవరు చింపి అవతల పారేస్తారు. కాగితమే మిగులుతుంది. ఎవరైనా బీసీసీలో పంపారనుకో, కాగితం మీద నీ పేరే ఉండదు. అప్పుడు మా ఫెచ్‌మెయిల్ చేతులెత్తేసి అలాంటివన్నీ తెచ్చి పోస్ట్‌మాస్టరు పెట్టెలో పడేసేది. పోస్ట్‌మాస్టరెవరు? నేనే. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చింది చూడు, జీతం పెరక్కుండా.

1999లో మా ఆఫీసు పెద్దాయన లీజు లైను తీసుకుని, సొంత డొమైను కొని, ఓ లైనక్స్ డబ్బా పెట్టారు. దాని మీద సెండ్‌మెయిల్. బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ చేసిన పెద్ద పని, ఆ రోజుల్లో లోకంలో చాలా మెయిలు దాని చేతుల మీదుగానే నడిచేది. కానీ ఆ కాన్ఫిగరేషన్ ఫైలు తెరిస్తే టైప్‌రైటరు మీద పిల్లి నడిచినట్టుండేది. గబ్బిలం బొమ్మ అట్టతో దాని మీద ఓ పుస్తకం వచ్చేది, ఇటుకంత. కొనే స్తోమత లేక కావలసిన కాగితాలు పేజీకి అర్ధరూపాయి చొప్పున జెరాక్స్ తీయించుకున్నాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు వెతికాను, దొరకలేదు. వెతికినన్నిసార్లూ మూడు రూపాయల ఇరానీ చాయ్ మాత్రం దొరికేది, పైన ఓ ఉస్మానియా బిస్కట్టు.

ఎలియాసులు పెట్టమన్నారు పెద్దాయన. మారుపేర్లన్నమాట. ఇన్ఫో, సేల్స్, సపోర్ట్ లాంటి పేర్లు ప్రతి డొమైనులోనూ ఉంటే బాగుంటుందని 1997లో 2142 నంబరు పత్రం చెప్పింది. పోస్ట్‌మాస్టరైతే ఎప్పటినుంచో తప్పనిసరి. ఇక మా పెద్దాయన ఇన్ఫో, సేల్స్, జాబ్స్, అకౌంట్స్ అని నాలుగు పేర్లు విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించారు. పెద్ద కంపెనీలా కనపడాలి కదా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ నాలుగు పేర్ల వెనకా ఉన్నది మా అకౌంటెంటు గారొక్కరే. ఎలియాసుల ఫైల్లో నాలుగు వరుసలు రాశాను. రాసినా ఏదీ పనిచేయలేదు. సాయంత్రం దాకా జుట్టు పీక్కున్నాక గుర్తొచ్చింది, న్యూఎలియాసెస్ అన్న ఆజ్ఞ ఇవ్వలేదని. ఫైల్లో నువ్వెంత రాసినా, ఆ ఆజ్ఞతో దాన్ని డేటాబేసుగా మార్చేదాకా సర్వరు కన్నెత్తి చూడదు. శంఖంలో పోస్తేనే తీర్థం. నవ్వకు, నువ్వు కూడా పోస్ట్‌మ్యాప్ చేయడం మర్చిపోయి ఉంటావు. చేశావు కదూ?

పనిచేయడం మొదలయ్యాక పెద్ద ఘోరం జరిగింది. నాలుగు పేర్ల ఉత్తరాలూ ఒకే పెట్టెలో కలిసి పడేవి. ఓ పెద్ద సంస్థ కొనుగోలు విభాగం ఆయన పదిమంది అమ్మకందార్లకి ఒకేసారి బీసీసీలో రాశాడు, "మీ వివరాలు, అనుభవం, రేట్లు పంపండి" అని. అది మా సేల్స్ అడ్రసుకొచ్చింది. కాగితం మీద మా పేరు లేదు. ఆ వారమే జాబ్స్ అడ్రసుకి కుర్రాళ్ళ దరఖాస్తులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. మా అకౌంటెంటు గారు "వివరాలు, అనుభవం" అన్న రెండు మాటలు చూసి ఊరుకోక జవాబు కొట్టారు: మీ అర్హతలు పరిశీలించాము, ప్రస్తుతం మా సంస్థలో ఖాళీలు లేవు, మీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాము.

ఆ కొనుగోలు ఆయన ఫోను చేశాడు. నాలుగు కోట్ల ఆర్డరేం కాదు, కంగారు పడకు. కానీ మా పెద్దాయన మొహం చూడాల్సింది. అకౌంటెంటు గారు తప్పు నాదన్నారు, నేను సెండ్‌మెయిల్‌ది అన్నాను, సెండ్‌మెయిల్‌ని నిలదీయడానికి బర్క్‌లీ దాకా ఎవరు వెళతారు?

అప్పుడు కూర్చుని ఆ ఉత్తరం తల అంతా విప్పి చూశాను. రిసీవ్డ్ అనే వరుసలుంటాయే, అవి మా నాన్నగారి తేదీముద్రలే. ఉత్తరం ఏ ఊరు మీదుగా వచ్చిందో కవరు వెనక ముద్రలు చెప్పేవి, అలాగే ప్రతి సర్వరూ ఒక వరుస గుద్ది పంపుతుంది. మా సర్వరు గుద్దిన వరుస చివర సన్నగా "ఫర్ సేల్స్" అని ఉంది! ఎగిరి గంతేశాను. మర్నాడు ఇంకో ఉత్తరంలో చూస్తే ఆ "ఫర్" లేదు. ఆరా తీస్తే సంగతి తెలిసింది. ఒక్కరికే వచ్చిన మెయిలు మీదే అలా రాస్తుంది. ఒకే విడతలో ఇద్దరికి వస్తే రాయదు, రాస్తే బీసీసీ గుట్టు బయటపడుతుందని. మర్యాద తెలిసిన ప్రోగ్రామే. అకౌంటెంటు గారికి ఆ వరుస చూడ్డం నేర్పబోయాను. "నాకు డెబిట్టూ క్రెడిట్టూ చాలు నాయనా" అన్నారు.

కొన్నాళ్ళకి సెండ్‌మెయిల్ వదిలి పోస్ట్‌ఫిక్స్‌కి మారాం. వీట్సే వెనెమా అని డచ్చాయన, ఐబీఎం పరిశోధనశాలలో ఉండగా రాసి 1998 చివర్లో లోకం మీదికి వదిలాడు. మొదటి టెస్టు మెయిలు తెరిచి చూద్దును కదా, ఉత్తరం నెత్తి మీద రెండు కొత్త వరుసలు. డెలివర్డ్-టు అని అకౌంటెంటు గారి పేరు. ఎక్స్-ఒరిజినల్-టు అని సేల్స్ అడ్రసు. ఒకటి చేరిన చోటు, ఒకటి బయల్దేరిన పేరు. ఒక్క గీత కొట్టిన పాత అడ్రసు పక్కనే కొత్త అడ్రసు! నా చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది. ఆ వరుసని బట్టి నాలుగు ఫోల్డర్లు చేసి, మెయిలు దానంతటదే సర్దుకునేలా పెట్టాను. అకౌంటెంటు గారు ఆ రోజు నాకు బొబ్బట్లు పంపారు.

కథ అయిపోయిందనుకుని లేవకు. మనుషులున్న చోట కథ అంత త్వరగా అవుతుందా?

కొందరు ఖాతాదారులు జాగ్రత్తకోసం ఇన్ఫోకీ సేల్స్‌కీ కలిపి రాసేవారు. అప్పుడు అకౌంటెంటు గారికి ఒకే ఉత్తరం రెండు కాపీలు. పోస్ట్‌ఫిక్స్ లెక్క ఏమిటంటే, పాత పేరూ కొత్త పేరూ జంటగా చూస్తుంది. ఇన్ఫో నుంచి వచ్చింది ఒక జంట, సేల్స్ నుంచి వచ్చింది ఇంకో జంట, కాబట్టి రెండూ వేరే ఉత్తరాలే. మా మేనత్తకి ఒకే శుభలేఖ అమ్మడు పేరుతో ఒకటి, చిన్నకోడలి పేరుతో ఒకటి వచ్చినట్టు. ఆవిడ రెండింటికీ పసుపు రాసి దాచుకుంది. మా అకౌంటెంటు గారు మాత్రం ఒకే బిల్లుని రెండుసార్లు చెల్లించబోయి ఆగారు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు ఆయన పెద్దాయన దగ్గరికెళ్ళారు. ఆ పెద్దాయనకి అసలు అన్ని పేర్ల కాపీలూ వచ్చేవి. నన్ను పిలిచి "సాయంత్రంలోగా" అన్నారు.

దానికో మీట ఉంది. ఎనేబుల్-ఒరిజినల్-రెసిపియెంట్ అని. మామూలుగా "ఎస్" అని ఉంటుంది. "నో" చేస్తే చేరవలసిన పేరొక్కటే చూసి, రెండో కాపీ తీసేస్తుంది. నో చేశాను, రీలోడ్ కొట్టాను, ఇంటికెళ్ళి కమ్మగా నిద్రపోయాను. పొద్దున్న వచ్చేసరికి కాపీలు పోయాయి, నిజమే. వాటితో పాటు ఎక్స్-ఒరిజినల్-టు కూడా పోయింది. నాలుగు ఫోల్డర్లూ ఖాళీ, అన్నీ మళ్ళీ ఒకే కుప్ప. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మళ్ళీ "ఎస్" చేసి, పెద్దాయన దగ్గరికెళ్ళి, రెండు కాపీలు కావాలా, ఎవరికి రాశారో తెలియకపోవడం కావాలా అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి "రెండూ వద్దు" అన్నారు. పెద్దవాళ్ళు అంతే.

ఇంకో భాగస్వామి ఉండేవారు. ఆయన మా పెట్టె చూడరు, బయటి ఉచిత మెయిల్లోనే చదువుతారు. అకౌంట్స్ ఎలియాసుని అటు తిప్పమన్నారు. తిప్పితే ఆ వరుస లేకుండా పోయింది. ఎందుకంటే ఆ వరుస గుద్దేది ఉత్తరాన్ని ఇంటి పెట్టెలో వేసేవాళ్ళే, ఊరు దాటించే బంట్రోతు మామూలుగా గుద్దడు. నేను తెలివికి పోయాను. మెయిలు గుమ్మంలోకి రాగానే, సర్వరు చెవిలో ఏ అడ్రసు చెప్పారో దాన్ని అప్పటికప్పుడు ఉత్తరం నెత్తిన అతికించేలా ప్రిపెండ్ అనే నియమం రాశాను. మూడు రోజులు బ్రహ్మాండం. నాలుగో రోజు ఓ బయటాయన సేల్స్‌కి రాసి, చాటుగా మా పెద్దాయనకి బీసీసీ పెట్టాడు. రెండూ ఒకే విడతలో వచ్చాయి, ఉత్తరం ఒక్కటే, కాబట్టి నేను అతికించిన రెండు అడ్రసులూ రెండు కాపీల మీదా కూర్చున్నాయి. పెద్దాయనకి చాటుగా పంపిన సంగతి, సేల్స్ ఉత్తరాలు చదివే అకౌంటెంటు గారికి పేరుతో సహా తెలిసిపోయింది! ఆ గుట్టు బయటపడకూడదనే కదురా సెండ్‌మెయిల్ "ఫర్" మానేసింది. పెద్దల మర్యాద మనకెందుకు అనుకుంటే ఇలాగే ఉంటుంది. నియమం తీసేసి, ఆ భాగస్వామికి మా దగ్గరే పెట్టె ఇచ్చి, ఇక్కడే చదువుకోండి బాబూ అన్నాను. సణిగారు, చదువుకున్నారు.

నీ బాధ వేరే అయి ఉండచ్చు. మీవాళ్ళు మెయిలుని పైపు గుండా, దాన్ని పెట్టెలో వేసే డవ్‌కాట్‌కి అప్పగిస్తుంటే, ఆ అప్పగింత వరుసలో ఫ్లాగుల దగ్గర పెద్ద ఓ అక్షరం ఉందో లేదో చూడు. అది ఉంటేనే పైపు ఆ పాత పేరు గుద్దుతుంది. డవ్‌కాట్‌కి మైనస్ ఏ పెట్టి పాత పేరు కూడా చెప్పచ్చు. ఆ క్రాకర్ అన్నాయన గుర్తున్నాడా, 1982లో కాగితం సంగతి రాసినాయన? నలభై ఏళ్ళ తరవాత, 2022లో, డెలివర్డ్-టు వరుస గురించి 9228 నంబరు పత్రం రాసింది మళ్ళీ ఆయనే. అదీ ప్రయోగాత్మకం అని ముద్ర వేసి మరీ. మీవాళ్ళు సాయంత్రంలోగా అంటారు!

ఆ పుల్ల ఇంకొకటి వెయ్యి, ఆరిపోతోంది. రేపు పొద్దున్న ముందు పోస్ట్‌కాన్ఫ్ కొట్టి ఆ మీట ఎలా ఉందో చూడు. "నో" అని ఉంటే, ఎవరో ఎప్పుడో రెండు కాపీలొస్తున్నాయని గోల పెట్టి ఉంటారు, నీ ముందున్నవాడు సాయంత్రంలోగా దాన్ని తిప్పేసి, ఎక్కడా ఓ ముక్క రాయకుండా వేరే ఉద్యోగంలోకి పోయి ఉంటాడు. నేనలా చేయలేదు. ఎందుకు "ఎస్"లోనే ఉంచాలో వివరంగా రాసి పెట్టే వచ్చాను. ఎక్కడంటావా? ఆ డబ్బా మీదే, సుద్దముక్కతో. దసరాకి ఆఫీసంతా తుడిచి పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళులే అక్కడ.